5 అడుగుల 9 అంగుళాల జిమ్మీ అలపాగ్: చూసినవాళ్లు, విన్నవాళ్లు రండి

షార్జా శీను:

ఈ వేదికలో క్రికెట్ కాని ఆటకి చోటుందో లేదో తెలీదు. లేకపోతే మోడరేటర్ గారు తీసేయండి, ఏమీ అనుకోను.

2013 ఆగస్టు 10. ఈద్ సెలవులు. షార్జాలో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్లం, అందులో ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్లు. ఒకతను మా గోడౌన్‌లో నా పైవాడు. అందరూ అతన్ని ‘కుయా’ అనేవాళ్లు, అంటే వాళ్ల భాషలో అన్నయ్య. ఆ సాయంత్రం మనీలాలో ఆసియా బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్, ఫిలిప్పీన్స్‌కీ దక్షిణ కొరియాకీ. లాప్‌టాప్‌ని బియ్యం బస్తా మీద పెట్టుకుని చూస్తున్నాం. నాకు బాస్కెట్‌బాల్‌లో ఓనమాలు రావు. బంతి బుట్టలో పడితే కుయా అరుస్తాడు, కుయా అరిస్తే నేనూ అరుస్తాను. అంతే నా పరిజ్ఞానం.

ఆఖరి నిమిషాలు. స్కోరు నువ్వా నేనా అన్నట్టుంది. వాళ్ల జట్టులో ఒక పొట్టివాడు ఎక్కడో దూరంగా ఉండి బంతి విసిరాడు. అది గాల్లో ఉండగానే తెర నల్లబడిపోయింది! ఆ నెట్‌ని తిట్టని తిట్టు తిట్టలేదు. రెండు సెకన్లు గదిలో ఊపిరి లేదు. అప్పుడు పక్క గదిలోంచి కేక, మేడ మీంచి కేక, కింద బకాలా కొట్టు దగ్గర్నుంచి కేక. బంతి పడిందని అలా తెలిసింది.

ఆ పొట్టివాడే జిమ్మీ అలపాగ్. అమెరికాలో పుట్టిన ఫిలిపినో. అతని గురించి తెలిసినవాళ్లు రాయండి. నాకు తెలిసింది ఆ ఒక్క కేకే.

—

లెక్కల మాస్టారు:

శీనూ, మంచి దారం. ముందు లెక్కలు సరిచూసుకుందాం.

పుట్టింది 1977 డిసెంబరు 30న, కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో. కాలేజీ కూడా ఆ ఊళ్లోనే, కాల్ స్టేట్ శాన్ బెర్నార్డినో. పెద్ద పేరున్న బాస్కెట్‌బాల్ కాలేజీ కాదు. అమెరికా లీగ్ ఎన్‌బీఏ వైపు నుంచి పిలుపు వచ్చే ఎత్తూ కాదు, 175 సెంటీమీటర్లు. మనీలా వెళ్లి 2003 పీబీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట, నిలబడ్డాడు. పదో వాడిగా టాక్ ఎన్ టెక్స్ట్ తీసుకుంది. ఆ ఏడే ‘రూకీ ఆఫ్ ది ఇయర్’ (ఉత్తమ కొత్త ఆటగాడు), ఆ ఏడే ఆల్ ఫిలిపినో కప్పు.

ఆ జట్టుతో మొత్తం 6 టైటిళ్లు. 2011లో లీగ్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అప్పటికి 33 ఏళ్లు. ఆట నడిపించే పాయింట్ గార్డులు మోకాళ్లకి ఐసు కట్టుకుని కూచునే వయసది. మీరు చెప్పిన మ్యాచ్ స్కోరు 86-79. ఫైనల్లో ఇరాన్ చేతిలో 85-71తో ఓడారు. కాకపోతే ఫైనల్‌కి చేరడంతోనే 2014 ప్రపంచకప్ బెర్తు ఖాయమైపోయింది. 1978 తర్వాత అదే మొదటిసారి.

—

ఓరుగల్లు బాబు:

మాస్టారూ, పీబీఏ అంటే ఏందో జర చెప్పుండ్రి. ఎన్‌బీఏ పేరు విన్న గని ఇది ఎన్నడు వినలే. టాక్ ఎన్ టెక్స్ట్ అంటే ఊరి పేరా? నాకైతే ఫోన్ రీఛార్జ్ లెక్క వినబడుతుంది.

—

దావో డాక్టరమ్మ:

బాబూ, నవ్వించావు. అది నిజంగా ఫోన్ రీఛార్జే! అక్కడి ప్రీపెయిడ్ సిమ్ బ్రాండ్.

నేను ఎంబీబీఎస్ ఫిలిప్పీన్స్‌లోని దావోలో చదివాను. మన తెలుగు పిల్లలు వందల్లో ఉండేవాళ్లు, సాంబారు పొడి ఎవరింట్లో అయిపోయినా వీధంతా తెలిసేది. పీబీఏ 1975లో మొదలైంది, ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. జట్లకి ఊళ్ల పేర్లుండవు, కంపెనీల పేర్లుంటాయి. శాన్ మిగెల్ అంటే బీరు. గినెబ్రా అంటే జిన్ను. మెరాల్కో అంటే కరెంటు కంపెనీ. మన ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టుకి ఓనరు చెన్నైవాడైనా పేరు మాత్రం హైదరాబాదే కదా, అక్కడ ఆ మొహమాటం లేదు. ‘బీరుకీ జిన్నుకీ మ్యాచ్’ అని రిక్షావాడు చెబితే మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

ఏడాదికి మామూలుగా మూడు టోర్నమెంట్లు. ఒకదాంట్లో అందరూ ఫిలిపినోలే ఆడాలి. మిగతా రెండిట్లో జట్టుకో విదేశీ ఆటగాడు, వాణ్ని ‘ఇంపోర్ట్’ అంటారు, సరుకు దిగుమతి చేసినట్టు. ఇంపోర్టుకి ఎత్తు పరిమితి కూడా ఉంటుంది. టేపు పెట్టి కొలుస్తారు.

ఇక ఆ దేశంలో బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పలేను. మా హాస్టల్ వెనక సందులో కొబ్బరి చెట్టుకి చెక్క కొట్టి, దానికి ఇనుప చువ్వ వంచి రింగు చేశారు. వల లేదు. పిల్లలు హవాయి చెప్పులతో ఆడేవాళ్లు. జీప్నీ బండి వస్తే పక్కకి జరిగి, అది పోగానే మళ్లీ మొదలు. చెప్పు తెగితే ఒంటి కాలి చెప్పుతో ఆడినవాణ్ని చూశాను. అనాటమీ పుస్తకం ముందేసుకుని ఆ బంతి చప్పుడు వింటూ కూచునేదాన్ని. ఆరేళ్లు అదే చప్పుడు.

—

షార్జా శీను:

అక్కా, మా కుయా కూడా అదే చెప్పేవాడు, చెప్పుల సంగతి. సెలవు రోజు పార్కింగ్ లాట్‌లో ఆడేవాళ్లు. నన్ను రిఫరీగా నిలబెట్టేవాళ్లు, రూల్స్ తెలీవు కాబట్టి ఎవరి పక్షమూ వహించనని.

—

మాజీ సెంటర్:

ఒకప్పుడు స్టేట్ జూనియర్స్‌కి ఆడినదాన్ని, ఇప్పుడు స్కూల్ పిల్లలకి నేర్పుతున్నాను. అలపాగ్ వీడియోలు మా పిల్లలకి చూపిస్తాను, ఎందుకంటే మా పిల్లల ఎత్తూ అంతే!

గమనించండి, అతను పైకి పెద్దగా ఎగరడు. బంతి అందుకునేటప్పటికే మోకాళ్లు వంగి ఉంటాయి, పాదాలు బుట్ట వైపు తిరిగి ఉంటాయి. అందరూ బంతి పట్టుకున్నాక చేసే పని అతను పట్టుకోకముందే చేసేసి ఉంటాడు. తోటి ఆటగాడు స్క్రీన్ పెడతాడు, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా గోడలా నిలబడతాడు. అవతలి పొడుగువాడు ‘ఈ బుడంకాయ లోపలికి దూసుకొస్తాడేమో’ అని రెండడుగులు వెనక్కి తగ్గుతాడు. ఆ రెండడుగులే కావాల్సింది. మూడు పాయింట్ల గీత బయటే ఆగి వదిలేస్తాడు. ఫాస్ట్ బ్రేక్‌లో పరిగెత్తుకొస్తూ కూడా ఠక్కున ఆగి వేసేవాడు. కోచ్‌లు తిట్టే షాట్ అది, పడితే మాత్రం ఏమీ అనరు.

నేను బుట్ట దగ్గర కాపుకాసే సెంటర్‌గా ఆడేటప్పుడు ఇలాంటి పిల్లలే నా ప్రాణం తీసేవాళ్లు. బయటికి వెళ్తే పక్కనుంచి దూరిపోతారు, లోపలుంటే పైనుంచి వేస్తారు.

—

లెక్కల మాస్టారు:

అమ్మా, ఆట సంగతి బాగా చెప్పారు. కానీ అభిమానులు అతణ్ని ‘పీబీఏలో ఎప్పటికీ గొప్ప షూటర్’ అంటుంటే నాకు కాస్త చిరాకు. ఆ మాట అలన్ కాయ్‌దిక్‌ది. 1991లో ఒకే మ్యాచ్‌లో 79 పాయింట్లు కొట్టాడు, అందులో 17 త్రీ పాయింటర్లు. పదిహేడు! కెరీర్ మొత్తం మీద 1,242. అలపాగ్ ఆ రికార్డు దాటింది 2016లో, రిటైర్ అయ్యేసరికి 1,250. ఎనిమిదే ఎక్కువ. దాని కోసం ఒకసారి రిటైర్ అయి వెనక్కొచ్చాడు కూడా.

—

ఓరుగల్లు బాబు:

గదేంది, రికార్డు కోసమే వచ్చిండా మాస్టారూ?

—

లెక్కల మాస్టారు:

మనసులో ఏముందో నేను చెప్పలేను. 2015 జనవరిలో టాక్ ఎన్ టెక్స్ట్‌కి వీడ్కోలు చెప్పాడు. అదే ఏడాది మెరాల్కో బోల్ట్స్‌లో దిగాడు. రెండు జట్లూ ఒకే వ్యాపార సామ్రాజ్యానివి, మాన్యుయెల్ పాంగిలినాన్‌వి. ఇంట్లో ముందు గదిలోంచి వెనక గదిలోకి వెళ్లినట్టు. 2016లో మళ్లీ వీడ్కోలు, ఈసారి నిజంగానే. నేను లెక్క చెబుతున్నానంతే.

—

మాజీ సెంటర్:

మాస్టారూ, మీరు లెక్క చెబుతున్నట్టు లేదు, వడ్డీ వసూలు చేస్తున్నట్టుంది. 38 ఏళ్ల వయసులో కుర్ర గార్డుల వెనక పరిగెత్తుతూ కొట్టిన త్రీలు అవి. ఇంటికెవరూ తెచ్చివ్వలేదు.

పైగా ఆ రికార్డూ ఇప్పుడు లేదు. 2024 సెప్టెంబరులో శాన్ మిగెల్ జట్టు మార్సియో లాసిటర్ 1,250 దాటేశాడు. తమాషా ఏమిటంటే అతనూ కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఫిలిపినో అమెరికనే.

—

దావో డాక్టరమ్మ:

మీరిద్దరూ త్రీ పాయింటర్ల దగ్గరే ఆగిపోయారు, ఇప్పుడు అక్కడ నాలుగు పాయింట్ల గీత కూడా గీశారు! 2024 నుంచి. 27 అడుగుల అవతలి నుంచి పడితే నాలుగు. అలపాగ్ కాలంలో అది ఉండుంటే లెక్కల మాస్టారి నోట్‌బుక్కు నిండిపోయేది.

సరే, ఎవరూ ఎత్తని సంగతి నేనెత్తుతాను. ‘ఫిల్ ఆమ్’ (ఫిలిపినో అమెరికన్) అనే మాటకి అక్కడ రెండు గొంతులున్నాయి. గెలిచిన రోజు ఒకటి, ఓడిన రోజు ఒకటి. 1990ల చివర్లో అమెరికా నుంచీ ఇతర దేశాల నుంచీ ‘మా అమ్మమ్మది ఇక్కడే’ అంటూ ఆటగాళ్లు దిగడం మొదలైంది. కొందరి కాగితాలు బోగస్ అని తేలింది. వాళ్లకి ‘ఫిల్ షామ్’, అంటే దొంగ ఫిలిపినో, అని పేరు పెట్టారు. సెనేట్ విచారణ దాకా వెళ్లింది. అలపాగ్ సహచరుడు అసి తౌలావా, టోంగాలో పుట్టిన భారీ మనిషి, 2003 ఎంవీపీ, అతని కాగితాల గొడవ ఏళ్ల తరబడి నలిగింది. అలపాగ్ సరిగ్గా ఆ వేడిలో వచ్చాడు.

మా వార్డులో ఒక నర్సు ఉండేది, ముప్పై ఏళ్ల సర్వీసు. ఆమె అనేది: ‘వాళ్లు ఇంగ్లీషులో నవ్వుతారు’ అని. అలపాగ్ సంగతి అడిగితే మాత్రం, ‘జిమ్మీ వేరు, కొరియా వాళ్ల మీద గెలిపించాడు’ అంది. ఆవిడ లెక్కలో పాస్‌పోర్టు మీద ముద్ర వేసింది కొరియా మ్యాచే.

—

షార్జా శీను:

అక్కా, ఈ కొరియా గోల ఏమిటి? ఆ రోజు కుయా ఏడ్చాడు. ఫైనల్లో ఓడితే ఏడవలేదు. సెమీస్ గెలిస్తే ఏడ్చాడు. అప్పట్నుంచీ నాకు అంతుబట్టలేదు.

—

లెక్కల మాస్టారు:

ఇది నేను చెబుతాను, వడ్డీ లేకుండా.

ఫిలిప్పీన్స్ ఒకప్పుడు ఆసియాలో మకుటం లేని మహారాజు. 1954 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానం, కార్లోస్ లోయ్‌జాగా కాలం. ఏ ఆసియా జట్టూ ఇప్పటికీ దాన్ని దాటలేదు. తర్వాత చైనా, కొరియా, ఇరాన్ పైకొచ్చాయి. కొరియా మాత్రం వీళ్లకి ప్రత్యేకమైన శని. 2002 బుసాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్ చూడండి. ఫిలిప్పీన్స్ ఆధిక్యంలో ఉంది, సెకన్లే మిగిలాయి. ఒల్సెన్ రాసేలా రెండు ఫ్రీ త్రోలు తప్పాడు. గంట మోగేలోపు కొరియా గార్డు లీ సాంగ్ మిన్ త్రీ పాయింటర్ వేశాడు. 69-68. అయిపోయింది. 2011లో వుహాన్‌లో మళ్లీ కాంస్యం మ్యాచ్, మళ్లీ కొరియా, మళ్లీ రెండే పాయింట్ల తేడా, 70-68. ఆ జట్టులో అలపాగ్ ఉన్నాడు.

2013 సెమీస్‌లో ఇంకో దెబ్బ. జట్టులోని పొడుగువాడు, అమెరికా నుంచి తెచ్చి పౌరసత్వమిచ్చిన మార్కస్ డౌతిట్, గాయంతో మధ్యలోనే బెంచీకి చేరాడు. కొరియా కుర్రాడు కిమ్ మిన్ గూ త్రీల మీద త్రీలు వేస్తున్నాడు. మనీలా జనం ‘మళ్లీ అదే’ అనుకుంటున్న సమయమది. మార్క్ పింగ్రిస్ తనకన్నా పొడుగువాళ్ల మధ్య రీబౌండ్లు లాగాడు, అలపాగ్ ఆఖరి నిమిషాల్లో రెండు త్రీలు దించాడు. మీ కుయా ఏడ్చింది పదకొండేళ్ల పాత బాకీకి శీనూ.

—

ఓరుగల్లు బాబు:

ఇగ సమజైంది. మనకు జావేద్ మియాందాద్ సిక్సర్ లెక్క. మా నాయిన ఇప్పటికి గా షార్జా మ్యాచ్ మాట ఎత్తితే టీవీ బంద్ చేస్తడు.

శీనన్నా, నువ్వుండేది గా షార్జాలనే కదా.

—

షార్జా శీను:

ఆ స్టేడియం ముందు నుంచే రోజూ బస్సు. మీ నాన్నగారికి చెప్పకు.

—

ట్రేసీ తెలుగోడు:

ఆలస్యంగా చూశాను ఈ దారాన్ని. నేను కాలిఫోర్నియాలో ట్రేసీలో ఉంటాను. మా చుట్టుపక్కల సగం తెలుగువాళ్లు, సగం ఫిలిపినోలు అన్నట్టుంటుంది. పక్కనే స్టాక్టన్, అక్కడ ఒకప్పుడు ‘లిటిల్ మనీలా’ అనే పేటే ఉండేది, తోటకూలీలుగా వచ్చినవాళ్లది. హైవే వేసేటప్పుడు చాలావరకు పడగొట్టేశారు.

నాకు ఈ కథలో కడుపు మండే సంగతి వేరే ఉంది. మా వాడికి పద్నాలుగేళ్లు, బాస్కెట్‌బాల్ పిచ్చి. వాడి దగ్గర ఓసీఐ కార్డుంది, విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చేది. ఇండియా జట్టుకి ఆడొచ్చా అంటే ఆడకూడదు, భారత పాస్‌పోర్టే ఉండాలి. అది కావాలంటే ఇక్కడి పౌరసత్వం వదులుకోవాలి. ఫిలిప్పీన్స్ 2003లోనే ద్వంద్వ పౌరసత్వానికి చట్టం చేసింది, బయట ఉన్న తన పిల్లల్ని వదులుకోలేదు. మనం కార్డిచ్చి వీసా క్యూ తప్పించాం, అంతే.

—

మాజీ సెంటర్:

ట్రేసీ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ రెండో వైపు కూడా చూడండి. నా దగ్గర ఒక పిల్ల ఉంది, బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచొచ్చి ప్రాక్టీసు చేస్తుంది. రేపు అమెరికా నుంచి పాతికమంది దిగితే ఆ పిల్లకి బెంచీ కూడా దక్కదు. ఫిలిప్పీన్స్‌లో ‘ఇంగ్లీషులో నవ్వుతారు’ అన్న నర్సు గొంతులో ఉన్నదీ అదే అనుకుంటా.

అక్కడ కూడా దారి పూర్తిగా తెరిచి లేదు. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూలు ఉంది: పదహారేళ్లలోపు పాస్‌పోర్టు తీసుకోకపోతే స్థానికుడిగా లెక్కవేయరు, పౌరసత్వం ఇచ్చి తెచ్చినవాడి కిందే లెక్క, అలాంటివాళ్లు జట్టుకి ఒక్కడే. ఎన్‌బీఏ ఆటగాడు జోర్డాన్ క్లార్క్‌సన్ తల్లి వైపు ఫిలిపినో అయినా ఆ ఒక్క చోటులోనే ఆడాల్సొచ్చింది. మీవాడికి పద్నాలుగే అంటున్నారు కాబట్టి చెబుతున్నా, ఫిలిప్పీన్స్ తల్లులు ఈ పాస్‌పోర్టు పని ముందే చూసుకుంటున్నారు.

—

ట్రేసీ తెలుగోడు:

ఒప్పుకుంటానమ్మా. ఆ పిల్ల సంగతి నాకు తట్టలేదు.

—

లెక్కల మాస్టారు:

పౌరసత్వం గొడవ వేరే దారంలో పెట్టుకోండి, అది ముడిపడితే విడదు. ప్రపంచకప్ ఎవరూ చెప్పలేదు. 2014, స్పెయిన్, సెవిల్లే. కెప్టెన్ అలపాగ్, వయసు 36. క్రొయేషియాతో ఓవర్‌టైమ్‌లో 81-78 ఓటమి. అర్జెంటీనాతో 85-81, ప్యూర్టోరికోతో 77-73. గ్రీసు ఒక్కటే తేలిగ్గా గెలిచింది. ఆఖరి మ్యాచ్ సెనెగల్‌తో, మళ్లీ ఓవర్‌టైమ్, 81-79, గెలుపు. నలభై ఏళ్ల తర్వాత ప్రపంచకప్‌లో ఒక విజయం. అర్జెంటీనా మీద చివర్లో అలపాగ్ దూరం నుంచి వేస్తుంటే ఆ పెద్ద జట్టు ముఖాలు చూడాలి.

అతని కెరీర్లో నాకు మచ్చగా కనిపించేది ఒకటుంది, 2011. పీబీఏలో ఏడాదిలో మూడు టోర్నమెంట్లూ గెలిస్తే గ్రాండ్ స్లామ్. రెండు గెలిచారు. మూడోదానికి ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి పెట్రాన్ జట్టు చేతిలో ఓడారు. ఎంవీపీ ట్రోఫీ ఆ ఏడాదిదే.

—

ఓరుగల్లు బాబు:

మాస్టారూ, మచ్చ అంటరా దాన్ని? ఏడో మ్యాచ్ దాంక పోయినోన్ని!

ఇప్పుడు ఏం చేస్తుండు గాయన?

—

ట్రేసీ తెలుగోడు:

అది నేను చెప్పాలి. మొదట కోచింగ్‌లోకి వెళ్లాడు. ఆగ్నేయాసియా లీగ్‌లో ఆలాబ్ పిలిపినాస్ జట్టుకి కోచ్‌గా 2018 టైటిల్ గెలిపించాడు. 2020లో కుటుంబంతో అమెరికా వచ్చేశాడు. తర్వాత స్టాక్టన్ కింగ్స్‌లో అసిస్టెంట్ కోచ్, అంటే ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటో కింగ్స్‌కి కింది జట్టు. 2023లో శాక్రమెంటోకే వెళ్లాడు, ఆటగాళ్లని తయారుచేసే కోచ్‌గా. ఆ జట్టు ఓనరు ముంబైలో పుట్టిన వివేక్ రణదివే, అందుకే మావాళ్లు కొందరు టికెట్లు కొంటారు.

2022లో మావాణ్ని తీసుకుని స్టాక్టన్ వెళ్లాను. ముందే వెళ్లిపోయాం, పార్కింగ్ దొరకదని. కోర్టులో ఒక కుర్రాడు, ఏడడుగులకి కొంచెం తక్కువుంటాడు, షాట్లు వేస్తున్నాడు. కింద నిలబడి బంతులు ఏరి అందిస్తున్న మనిషి అతని మోచేతి దాకా వచ్చాడు. నేను బాల్ బాయ్ అనుకున్నాను, నిజంగా. తర్వాత ఆ మనిషి కుర్రాడి చెయ్యి పట్టుకుని మణికట్టు ఎక్కడ ఆగాలో చూపించాడు. మా ముందు వరసలో ఒక ఫిలిపినో ముసలావిడ, తెల్లజుట్టు, ఒళ్లో టిఫిన్ డబ్బా. లేచి నిలబడి ‘జిమ్మీ!’ అని ఒక్క అరుపు. అతను తిరిగి చూసి, దగ్గరికొచ్చి, వంగి ఆవిడ చేతిని తన నుదుటికి ఆనించుకున్నాడు. మనం కాళ్లకి దణ్ణం పెట్టినట్టు వాళ్లకది.

మావాడు అడిగాడు, ‘నాన్నా, ఆయన ఎవరు?’ అని. నాకు తెలీదు. పక్కాయన్ని అడిగితే ఇరవై నిమిషాలు చెప్పాడు, ఆట మొదలైనా ఆపలేదు.

—

దావో డాక్టరమ్మ:

దాన్ని ‘మానో’ అంటారు. నేను కూడా మా వార్డు నర్సుకి చేసేదాన్ని, ఆవిడ మురిసిపోయేది.

—

షార్జా శీను:

అందరికీ దణ్ణాలు. రాత్రి కూచుని ఈ దారమంతా వచ్చీరాని ఇంగ్లీషులోకి మార్చి కుయాకి వాట్సాప్‌లో పంపించాను. ఇప్పుడు ఇలోయిలోలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. పొద్దున్నే జవాబొచ్చింది. స్కోర్లన్నీ కరెక్టేనన్నాడు, మాస్టారికి సలాం చెప్పమన్నాడు. ఒక్క చోట మాత్రం తప్పు రాశానట.

ఆ రోజు నెట్ ఆగలేదట. అలపాగ్ చేతిలోంచి బంతి వదలగానే నేనే గంతేశానట, నా కాలు తగిలి ఛార్జర్ ఊడిందట. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. పన్నెండేళ్లుగా నాతో చెప్పలేదు, ‘నువ్వు నెట్ కంపెనీని అంత ముచ్చటగా తిడుతుంటే ఆపబుద్ధి కాలేదు’ అంటున్నాడు.